చైను బిగించిన సారు

మా తిరుపతి బైరాగిపట్టెడలో బండి చెడిపోవడం పెద్ద విషయం కాదు. దాన్ని బాగుచేసుకుంటున్న సంగతి వీధికి తెలియకూడదు, అంతే. స్పానర్ చప్పుడు వినబడితే చాలు, ఇస్త్రీబండి అన్న దగ్గర్నుంచి అలిపిరికి దారి అడగడానికి ఆగిన యాత్రికుడి దాకా అందరూ మెకానిక్కులే.

మా అక్క కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ ట్రయల్స్ ఆడతాడు. బండితో రాళ్లగుట్టలు ఎక్కి దిగడమే ఆ ఆట. ఎవరో వాడి అమ్మేసిన స్పెయిన్ బండి ఒకటి కొనుక్కుని, సెలవులకు టాటా ఏస్‌లో వేసుకొచ్చాడు. రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి రోడ్డెక్కించడానికి లేదు. చంద్రగిరి దగ్గర స్నేహితుడి మామిడితోపులో బండలున్నాయి, వాటి మీద తోలుకుంటానన్నాడు.

బండి దించగానే వీధికి వచ్చిన మొదటి అనుమానం సీటు గురించి. దానికి సీటుండదు. తోలేవాడు ఫుట్‌రెస్టుల మీద నిలబడే ఉంటాడు. మొత్తం బరువే 70 కిలోలకు అటూ ఇటూ. "దార్లో సీటు ఎవురో ఎత్తుకపోయినట్టుండారే సామీ!" అని చిల్లరంగడి అన్న నిజంగానే బాధపడి, ఎవరికో కందిపప్పు తూయడానికి వెళ్లిపోయాడు.

ఎదురింటి రిటైర్డు హెడ్మాస్టారి బాధ వేరు. ఈ ఆటలో కాలు ఒకసారి నేలకు ఆనిస్తే ఒక పాయింటు, రెండుసార్లకు రెండు, ఆపైన ఎన్నిసార్లు ఆనించినా మూడు. బండితో సహా పడితే ఐదు. చివరికి ఎవరికి తక్కువ వస్తే వాళ్లు గెలిచినట్టు.

"తక్కువ మార్కులొచ్చినోడు ఫస్టా? నా సర్వీసులో అట్లాంటి ఫస్టులు బెంచీకి ఇద్దరుండేవాళ్లు నాయనా!" అన్నారు సారు.

చైను కాస్త ఎక్కువ వదులైందని అల్లుడు బండిని దిమ్మె మీదికి ఎత్తి, వెనక చక్రం యాక్సిల్ నట్టు సడలించాడు. వెనక చక్రాన్ని పట్టుకుని, కీలు మీద పైకీ కిందికీ ఆడే చట్రాన్ని స్వింగ్ ఆర్మ్ అంటారు. ఈ బండికి దాని చివర రెండు పక్కలా ఒక్కో బిళ్ళ ఉంటుంది. పూర్తి గుండ్రం కాదు, తిప్పేకొద్దీ దాని అంచు యాక్సిల్‌ను వెనక్కి నెడుతుంది. అంచు పొడుగునా గాడులు. ఎడమవైపు ఎన్నో గాడిలో ఉంటే కుడివైపూ అదే గాడిలో ఉండాలి, లేకపోతే చక్రం వంకరగా కూర్చుంటుంది. అల్లుడు అటొక గాడి, ఇటొక గాడి జరిపి, చక్రాన్ని మెల్లగా తిప్పుతూ చైను ఎక్కడ అన్నిటికంటే బిగుతుగా ఉందో వెతికి, అక్కడ వేలితో ఎత్తి చూశాడు. సరిపోయింది. నట్టు బిగించేలోపల ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. లోపలికి పోయాడు.

సారు చూపు చైను మీద పడింది. అదింకా ఊగుతోంది.

చైనుకు ఆ ఊపు ఉండాలి. వెనక చక్రం గుంతలో దిగి పైకి అణిగినప్పుడు ఒకచోట ముందు స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ళచక్రం), స్వింగ్ ఆర్మ్ కీలు, వెనక యాక్సిల్ ఒకే గీతలోకి వస్తాయి. రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం అక్కడే అన్నిటికంటే ఎక్కువ. ఆ ఎక్కువ పొడవు వదులులోంచే రావాలి. మన మామూలు బండ్లకు కూడా ఓ 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఊగేట్టు ఉంచమని కంపెనీ పుస్తకాల్లో రాస్తారు. ఇదంతా చెప్పబోయాను. కానీ సర్వీసంతా పిల్లల్ని బిగించిన మనిషికి వదులు గొప్పతనం ఎట్లా చెప్పేది?

సారు ఎడమ బిళ్ళ దగ్గర కూర్చున్నారు. పప్పు తూచి వచ్చిన అంగడన్నను కుడి బిళ్ళ దగ్గర కూర్చోబెట్టారు.

"నాలుగో గాడికి తిప్పప్పా."

"తిప్పినా సార్."

సారు లెక్కల మాస్టారు, గాడులను సున్నా నుంచి లెక్కపెట్టారు. అన్న ఒకటి నుంచి మొదలుపెట్టాడు, అంగట్లో సున్నాకు సరుకివ్వరు కదా. ఇస్త్రీ అన్న స్పానర్‌కు ఇనుప పైపు తొడిగి నట్టు బిగించాడు. సారు చైనును వేలితో మీటితే టంగుమంది. ముగ్గురూ తృప్తిగా చేతులు తుడుచుకున్నారు.

అల్లుడు ఫోను జేబులో పెట్టుకుంటూ వచ్చి, బండిని దిమ్మె మీంచి దించి, ఫుట్‌రెస్టుల మీద నిలబడి ఒక్కసారి గట్టిగా అణిచాడు. వెనక చక్రం దగ్గర 'టిక్' అంది. చైను నేల మీద పడింది.

చైను రెండు కొసలనూ కలిపే లింకు మీదుండే చిన్న లాక్ ఎగిరిపోయింది. అన్న తన బండి తాలూకు పాత లాక్ తెచ్చాడు కానీ అది 428 సైజు, లింకుకు లింకుకు మధ్య 12.7 మిల్లీమీటర్లు. ఇది 520, దాదాపు 15.9. ఎట్లా కూర్చుంటుంది? వెతకాల్సిందే. సెల్‌ఫోన్ లైట్లతో వీధంతా వంగింది. సారు ఇంట్లోకెళ్లి గుర్రపునాడా అయస్కాంతం తెచ్చారు. దాని మీద ఎర్రరంగు పెచ్చులూడి, స్కూలు స్టాకు నంబరు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. రిటైరైన రోజు అది ల్యాబు నుంచి ఎట్లా ఇంటికొచ్చిందో ఎవరూ అడగలేదు. మట్టిలో ఈడిస్తే మేకులు, పిన్నీసులు, ఒక సోడామూత, కడకు కాలవగట్టు పక్కన లాక్ తగులుకున్నాయి.

మళ్ళీ అంతా విప్పి, రెండు బిళ్ళలూ ఒకే గాడికి తెచ్చి, పూలు కట్టే దారంతో స్వింగ్ ఆర్మ్ కీలు నుంచి యాక్సిల్‌కు రెండు పక్కలా కొలిచి సరిచూసుకున్నాడు అల్లుడు. లాక్ మూసిన కొస చైను పరుగెత్తే దిక్కుకు ఉండేట్టు తొడిగాడు. ఈసారి నట్టు తనే బిగించాడు.

"సార్, మీకు ఐదు" అన్నాడు లేస్తూ.

సారు అయస్కాంతం చంకలో పెట్టుకుని మాటాడకుండా ఇంటికి నడిచారు.

"నాకెంతప్పా?" అన్నాడు అంగడన్న.

"నీకూ ఐదే అన్నా."

అన్న ముఖం వెలిగిపోయింది. "సారుకూ నాకూ సమానంగా వచ్చినాయంట!" అని అంగట్లోకి కేకేశాడు.

"ఎన్నిటికి?" అంది లోపల్నుంచి వాళ్లావిడ.