ఎర్ర సెగ్మెంట్లు ఉన్నాయి, లోక్‌సభ సీటే లేదు

తెలంగాణలో వామపక్షాల లోక్‌సభ అభ్యర్థి ఎవరన్న చర్చ హైదరాబాద్‌లో ప్రతిసారీ తలకిందులుగానే మొదలవుతుంది. హిమాయత్‌నగర్ మఖ్దూం భవన్‌లో సీపీఐ, ఎంబీ భవన్‌లో సీపీఎం వేర్వేరుగా కూర్చుంటాయి. వేర్వేరుగానే పెద్ద పార్టీతో బేరానికి దిగుతాయి. జిల్లా నుంచి పేరు రావడం, రాష్ట్ర నాయకత్వం ఖరారు చేయడం, ఢిల్లీ ఆమోదించడం... ఇక్కడ పెద్దగా పేచీ ఉండదు. పేచీ అంతా సీటు దగ్గరే.

2008 నియోజకవర్గాల పునర్విభజనలో వామపక్షాల రెండు పాత లోక్‌సభ స్థానాలు పోయాయి. ఒకటి 1971, 1984, 1991లో భీమిరెడ్డి నరసింహారెడ్డి గెలిచిన మిర్యాలగూడ. రెండోది 2004లో మిడియం బాబూరావు గెలిచిన భద్రాచలం. ఇప్పుడు భద్రాచలం, పినపాక అసెంబ్లీ సెగ్మెంట్లు మహబూబాబాద్‌లో, కొత్తగూడెం ఖమ్మంలో, మిర్యాలగూడ, దేవరకొండ నల్లగొండలో, మునుగోడు, నకిరేకల్, ఇబ్రహీంపట్నం భువనగిరిలో ఉన్నాయి. నాలుగు చోట్లకు చెదిరిన బలమిది. ఒక సెగ్మెంట్‌లో 30 వేల ఓట్లున్న పార్టీకి అసెంబ్లీ బేరంలో విలువుంటుంది. లోక్‌సభ స్థానంలోని ఏడు సెగ్మెంట్లు కలిపి 12 లక్షల ఓట్లు పోలైతే అవే ఓట్లు రెండున్నర శాతం. 25 వేల డిపాజిట్ దక్కాలంటే ఆరో వంతు, అంటే రెండు లక్షల ఓట్లు కావాలి.

అందుకే 2024లో సీపీఎం భువనగిరిని ఎంచుకుని ఎండీ జహంగీర్‌ను నిలపడంలో తర్కం ఉంది. కానీ మునుగోడులో బలమున్న సీపీఐ అప్పటికే కాంగ్రెస్ పక్షాన ఉంది. అంతకుముందు 2014 ఖమ్మం కథ మరీ విడ్డూరం. కాంగ్రెస్ పొత్తులో సీపీఐ నారాయణ బరిలో ఉంటే, సీపీఎం వైసీపీ వైపు నిలిచింది. గెలిచింది వైసీపీ అభ్యర్థి పొంగులేటి.

తమిళనాడులో 2024లో డీఎంకే ముందు సంఖ్య తేల్చింది, సీపీఐ, సీపీఎంలకు చెరి రెండు. ఏ సీట్లన్నది ఆ తర్వాత. సీపీఎం తన సిట్టింగ్ సీటు కోయంబత్తూరు వదిలి దిండిగల్ తీసుకుని గెలిచింది. రాజస్థాన్‌లో సీపీఎంకు కాంగ్రెస్ ఇచ్చిన ఒకే ఒక్క సికర్‌లో రైతు నాయకుడు అమ్రారామ్ నెగ్గారు.

ఆలస్యమైతే కాగితాల దగ్గర కూడా చిక్కే. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడింటిలోగా అభ్యర్థి తమవాడేనని పార్టీ ఇచ్చే ఏ, బీ ఫారాలు అందాలి. 2023 ఏప్రిల్‌లో జాతీయ హోదా పోయిన సీపీఐ అభ్యర్థికి తెలంగాణలో నామినేషన్‌పై సంతకం చేసే ప్రతిపాదకులు పది మంది అవసరం. ఉద్యమాల్లో పెరిగిన నాయకుడి మీద ధర్నా కేసులు ఎలాగూ ఉంటాయి. అవన్నీ ఫారం 26 అనే అఫిడవిట్‌లో రాయాలి, పత్రికల్లో మూడుసార్లు ప్రకటించాలి. కేసులున్న వ్యక్తినే ఎందుకు ఎంపిక చేశారో 48 గంటల్లో పార్టీ చెప్పాలి. పదేళ్ల కిందటి రాస్తారోకో ఎఫ్‌ఐఆర్‌ను ఏ స్టేషన్‌లో వెతకాలో చివరి వారంలో ఆలోచిస్తే కుదరదు.

ఖమ్మమా, భువనగిరా అన్నది కాంగ్రెస్ కార్యాలయం గాంధీభవన్ గడప తొక్కకముందే రెండు పార్టీలూ తమలో తాము తేల్చుకోవాలి. అడిగేది ఒక్క సీటైనా ఇద్దరి తరఫునా అడగాలి. ఇబ్రహీంపట్నం, మునుగోడు, నకిరేకల్‌లో ఉమ్మడిగా కట్టిన బూత్ కమిటీల లెక్క ముందు పెడితే, ఇవ్వనని చెప్పడానికి కాంగ్రెస్ కూడా కారణం వెతుక్కోవాల్సి వస్తుంది.