పొగలో అల్లుడుగారు

మే నెల. డాలస్ శివారు. బెర్ముడా గడ్డి. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) నుంచి ఉత్తరం, అందులో ఇంటి ముందు పెరిగిన గడ్డి ఫోటో, కింద అది కొయ్యడానికి పది రోజుల గడువు. ఫోటో కోసం కారు ఆపిన మనిషి నాలుగడుగులు వేసి తలుపు తట్టి ఆ ముక్కేదో నోటితో చెప్పొచ్చు. చెప్పరు. ఆ కవరు మీద స్టాంపు ఖర్చు కూడా మనం కట్టే ఫీజులోదే. సరే, అల్లుడుగారు (పేరెందుకు లెండి) గరాజ్‌లోంచి లాన్ మోవర్ (గడ్డి కోసే మెషీను) బయటికి లాగారు. ఊరి నుంచి వచ్చిన మామగారు లుంగీ ఎగ్గట్టి వెనకాలే వచ్చారు. కోనసీమలో కొబ్బరితోటకి ముప్ఫై ఏళ్ళు ఆయిలింజన్‌తో నీళ్ళు పెట్టిన మనిషి. ఇంజను అన్న మాట వినబడితే కూర్చోలేరు.

ముందు ఆయిలు మార్చాలి. ఇలాంటి చిన్న ఫోర్ స్ట్రోక్ ఇంజన్లలో చాలావాటికి 50 గంటల పనికోసారి, లేదా ఏడాదికోసారి. కారుకున్నట్టు కింద డ్రెయిన్ బోల్టు చాలా మోవర్లకి అందుబాటులో ఉండదు. ఆయిలు ఏ గొట్టంలోంచి పోస్తామో ఆ గొట్టంలోంచే వంచెయ్యాలి. అంటే మెషీన్ని పక్కకి పడుకోబెట్టాలి. ఎయిర్ ఫిల్టరూ కార్బురేటరూ (గాలినీ పెట్రోలునీ కలిపేది) ఉన్న పక్క పైకి, ఆకాశం వైపు ఉండాలి. మాన్యువల్లో ఈ సంగతి ఉంటుంది. వేళ్ళు తెగుతాయి, కళ్ళు పోతాయి, మంటలు లేస్తాయి అని బొమ్మలతో సహా పేజీలకి పేజీలు బెదిరించి, చదివేవాడికి ఓపిక అయిపోయాక, ఎక్కడో ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది.

స్పార్క్ ప్లగ్గు వైరు పీకి పక్కన పెట్టడం, పెట్రోలు కారకుండా ట్యాంకు మూత కింద ప్లాస్టిక్ కవరు ముక్క వేసి బిగించడం, ఆయిలు పల్చబడేందుకు అంతకుముందే ఇంజన్ని ఐదు నిమిషాలు ఆడించడం, అన్నీ పద్ధతిగానే జరిగాయి. పడుకోబెట్టే దగ్గర మామగారు కలగజేసుకున్నారు.

"అటు కాదండీ అల్లుడుగారూ, వాలు ఇటుంది కదా. ఇటు ఒరిగిస్తే సుబ్బరంగా దిగిపోద్ది."

డ్రైవ్‌వే వాలు వీధివైపుంది. మామగారి మాటలో తప్పేం లేదు. ఫిల్టరు కూడా అటువైపే ఉంది, అంతే.

పనిలో పనిగా బ్లేడు విప్పడం, పదును పెట్టడం, మళ్ళీ బిగించడం కూడా అయిపోయాయి. ఆ భాగం వదిలేద్దాం. చెప్పుకోవాల్సిందేమిటంటే, ఆ అరగంటా మెషీను తప్పు పక్కకే పడుకుని ఉంది. ఇంజను కడుపులోంచి గాలి పోవడానికి ఒక సన్నటి గొట్టం ఎయిర్ ఫిల్టరు వెనక్కి వెళ్తుంది. తిరగబడితే ఆ దారినే ఆయిలు ఫిల్టర్లోకి దిగుతుంది, అక్కణ్ణించి కార్బురేటర్లోకి, ఇన్‌టేక్ వాల్వు తెరిచి ఉంటే నేరుగా సిలిండర్లోకి. కింద పెట్టిన పళ్ళెంలో సగమే పడింది. మిగతా సగం ఏమైందని ఎవరికీ అనుమానం రాలేదు.

మెషీన్ని నిలబెట్టి, ఎస్‌ఏఈ 30 (అది చిక్కదనం లెక్క) ఆయిలు 15 ఔన్సులు పోసి, మట్టం చూసే డిప్‌స్టిక్కు తుడిచి చూసి, ఇంకాస్త పోశారు. ఈ సైజు ఇంజన్లకి మొత్తం 15 నుంచి 18 ఔన్సులు, అంటే అర లీటరుకి అటూ ఇటూగా పడుతుంది. ఇంజన్ని స్టార్టు చేసే తాడు లాగితే రాలేదు.

"పట్టేసిందండీ" అన్నారు మామగారు.

పట్టెయ్యలేదు. గాలిని పిస్టను నొక్కగలదు, ఆయిల్ని నొక్కలేదు. సిలిండర్లో ఆయిలుంటే తాడు మధ్యలో ఆగిపోతుంది. బలం కొద్దీ లాగితే కనెక్టింగ్ రాడ్డు వంగే ప్రమాదం కూడా ఉంది. ప్లగ్గు విప్పేసి, తాడు నెమ్మదిగా పది పన్నెండుసార్లు లాగితే ఆ రంధ్రంలోంచి ఆయిలు బయటికి చిమ్మేస్తుంది. చాలా మోవర్లలో ప్లగ్గు ముందువైపు ఉంటుంది. మామగారు కూడా ముందువైపే ఉన్నారు. లుంగీ సంగతి ఇంట్లో ఇంకా తేలలేదు.

ఫిల్టరు మూత తీస్తే కాగితమంతా తడిసి నల్లగా ఉంది. "అయితే మంచిదేగా, ఆయిలు లేకపోతే దుమ్మెలా పడుద్దండీ?" అన్నారాయన. ఆయనెరిగిన ఇంజన్లకీ, పాత ట్రాక్టర్లకీ అది అక్షరాలా నిజం. వాటి ఎయిర్ క్లీనరు అడుగున ఆయిలు గిన్నె ఉంటుంది, గాలి దాని మీదుగా పోతుంటే దుమ్ము అందులో చిక్కుకుంటుంది. ఇక్కడిది కాగితం ఫిల్టరు. ఆయిలు తాగితే గాలి ఆడదు, కడిగితే పనికిరాదు, కొత్తది కొనాల్సిందే. కొత్తది ఇంట్లో లేదు. టిష్యూలతో అద్ది అదే పెట్టారు. ప్లగ్గు తుడిచి, సందు 0.030 అంగుళం ఉందని చూసుకుని బిగించారు. తాడు లాగారు. నాలుగో లాగుకి అంటుకుంది.

అప్పుడొచ్చింది పొగ.

తెల్లగా, అంచుల్లో నీలంగా, తీరిగ్గా వచ్చింది. సైలెన్సర్లో చేరిన ఆయిలు కాలుతోందన్నమాట. దీనికి వైద్యం లేదు, అక్కర్లేదు కూడా. ఐదు పది నిమిషాలు ఇంజన్ని అలా ఆడనిస్తే ఉన్నదంతా కాలిపోయి దానంతటదే తగ్గుతుంది. దూరంగా వెళ్ళి కాఫీ తాగి రావచ్చు. కానీ వెళ్ళడం కుదరదు. ఎందుకంటే హ్యాండిల్ మీద ఒక కడ్డీ ఉంది. దాన్ని వదిలితే మూడు సెకన్లలో బ్లేడు ఆగిపోవాలి. 1982 జూన్ 30 తర్వాత తయారైన, వెనక నడుస్తూ తోసే ఈ రకం మోవర్లన్నిటికీ అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ పెట్టిన నియమం అది. చాలా మోవర్లలో బ్లేడు ఆగడమంటే ఇంజనే ఆగడం. మంచి నియమమే, ఎన్ని వేళ్ళు మిగిల్చిందో. ఆ కడ్డీని జిప్ టైతో (ప్లాస్టిక్ పట్టీతో) కట్టేసే ఘనులున్నారు, వాళ్ళ వేళ్ళు వాళ్ళిష్టం. కానీ ఆ నియమం రాసినవాళ్ళెవరూ సొంత పొగలో నిలబడి ఉండరు. వదిలితే ఇంజను ఆగుతుంది, ప్లగ్గుకి మళ్ళీ ఆయిలు పడుతుంది, మళ్ళీ తాడు. అందుకని అల్లుడుగారు కడ్డీ పట్టుకుని, కళ్ళు మూసుకుని, డ్రైవ్‌వే మధ్యలో నిలబడిపోయారు.

ఎదురింటి కిటికీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కుక్కతో నడిచే పెద్దాయన ఆగి, అంతా క్షేమమేనా అని అడిగి, జవాబు పొగలోంచి సరిగా వినబడక, ఫోను చేతిలోకి తీసుకున్నాడు. రెండిళ్ళ అవతల తెలుగావిడ కారు అద్దం దించి, "ఏవిటండీ, హోమమా? మమ్మల్ని పిలవనేలేదే!" అంది. ఆవిడ నమస్కారం పెట్టింది. తిరిగి నమస్కారం పెడితే ఇంజను ఆగిపోతుంది. తల ఊపారు. పొగలో తల ఊపితే ఎవరికి కనబడుతుంది? ఆవిడ ఏమనుకుందో వచ్చే శనివారం పాట్‌లక్‌లో (తలా ఒక వంట తెచ్చుకునే విందులో) తెలుస్తుంది.

మామగారు మాత్రం గాలికి ఎదురువైపు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. "మా పంచాయతీ దోమల మెషీను కూడా ఇంత పొగ కొట్టదండీ" అన్నారు, మెచ్చుకోలుగానే.

అంతలో వీధి మలుపులో ఒక తెల్ల కారు నెమ్మదించింది. అద్దం దిగింది. చెయ్యి బయటికొచ్చింది, చేతిలో ఫోను. గడ్డి ఎన్ని అంగుళాలు పెరగొచ్చో రాసుకున్నవాళ్ళు పొగ ఎన్ని అంగుళాలు లేవొచ్చో కూడా ఎక్కడో రాసుకునే ఉంటారు. దిగి, ఏం జరిగిందని అడిగితే వాళ్ళ సొమ్మేం పోయింది? ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు.

పొగ పల్చబడింది. అల్లుడుగారు కడ్డీ వదలకుండానే మోవర్ని గడ్డి మీదికి తోశారు. ఒక వరస, రెండో వరస. గడ్డి తెగడంలేదు. ఒక పక్కకి పడుకుని, మోవర్ దాటగానే మళ్ళీ లేస్తోంది. మామగారు కుర్చీలోంచి లేచి, వంగి, లేచిన గడ్డిపరకల్ని పరిశీలనగా చూశారు.

బ్లేడు తిరగేసి బిగించారన్నమాట. చివర్లలో రెక్కల్లా వంగి ఉన్న అంచు పైకి, డెక్కు (బ్లేడు మీద కప్పులా ఉండే రేకు) వైపు ఉండాలి. ఆ రెక్కలు గాలిని పైకి లాగి గడ్డిని నిలబెడితేనే పదునైన అంచుకి తెగేది. ఏ వైపు గడ్డికి ఉండాలో చాలా బ్లేడ్ల మీద ముద్ర వేసే ఉంటుంది, దాని మీద ఎండిన గడ్డి అట్టకట్టి ఉంటుంది. ఇప్పుడు ఇంజను చల్లారాలి, ప్లగ్గు వైరు మళ్ళీ పీకాలి, మెషీన్ని మళ్ళీ పడుకోబెట్టాలి.

మామగారు అప్పటికే లుంగీ మార్చుకుని వచ్చేశారు. "ఈసారి ఏ పక్కకండీ?" అన్నారు.