గా మొఖానికేమైంది బిడ్డా?

వరంగల్‌లో చర్మ వైద్యులు తక్కువని ఎవరైనా అంటే నమ్మకండి. హన్మకొండలో ఏ ఫంక్షన్ హాల్‌కైనా పెండ్లికి వెళ్లండి, బగారా అన్నం దగ్గరే అరడజను మంది దొరుకుతారు. అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, ఫీజు లేదు. మీరు ఆడపిల్లయి, బుగ్గ మీద రెండు మచ్చలుంటే చాలు, వాళ్లే వెతుక్కుంటూ వస్తారు.

మొన్నొక పెండ్లిలో మా చుట్టాల పిల్ల దొరికింది. బీటెక్ చదువుతోంది. మొటిమలు ఎప్పుడో తగ్గాయి, గోధుమరంగు మచ్చలు మిగిలాయి. ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడ్డ పాపానికి ఒక పెద్దమ్మ గడ్డం పట్టి మొఖం పైకెత్తింది. "గా మొఖానికేమైంది బిడ్డా? మంచిగుంటివి గదా!" రోగిని అడిగి ముట్టుకునే దండగ పద్ధతి ఈ వైద్యంలో లేదు. నిమ్మకాయ రుద్దుకొని ఎండలో కూర్చోమని చిన్నమ్మ చెప్పింది. నిమ్మరసం మీద ఎండ పడితే చర్మం కాలి కొత్త మచ్చలొస్తాయి, అంటే పాత మచ్చలు కనబడవు కాబట్టి చికిత్స ఫలించినట్టే. మేనత్తది టూత్‌పేస్ట్ పక్షం. పొద్దున లేవగానే పాచి ఉమ్మి రాయాలని ఇంకొకామె. వెనక లైన్లో వాళ్లు మటన్ అయిపోతుందేమోనని కంగారు పడుతున్నా, శాస్త్ర చర్చ ఆగలేదు.

అప్పుడొచ్చాడు రిటైరైన మామ. వెలుతురు చాలదని ఫోన్ టార్చి వేశాడు. పక్క నుంచి వెలుగు పడేలా పట్టుకుని, రెండు వేళ్లతో బుగ్గ సాగదీసి అడిగాడు: "గుంట వడ్డదా, ఉత్త మచ్చనేనా?"

ఆ రాత్రి మొత్తానికి సరైన ప్రశ్న అదొక్కటే. చర్మ డాక్టర్ కూడా వెలుగు పక్క నుంచి వేసే చూస్తాడు, వేలితో తడిమే చూస్తాడు. చర్మం నునుపుగా ఉండి రంగు మాత్రమే మారితే అది మచ్చ. మొటిమ వాపు తగ్గేటప్పుడు అక్కడ చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువగా చేరుతుంది. మన చామనఛాయ చర్మాల్లో ఇది మరీ ఎక్కువ. నెలల తరబడి ఉంటుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది, కానీ చాలావరకు దానంతటదే పలచబడుతుంది, ఎండలో తిప్పి ముదరబెట్టకపోతే. గుంట సంగతి వేరు. లోపల చర్మాన్ని బిగువుగా నిలబెట్టే కొల్లాజెన్ పోయింది, దాన్ని ఏ క్రీమూ పూడ్చదు. సన్నని సూదులతో పొడిచే మైక్రోనీడ్లింగో, లేజరో కొన్ని సిట్టింగులు చేయించుకుంటే తగ్గుతుంది, పూర్తిగా మాయం కాదు. మామ ఇవేవీ చెప్పలేదు. జవాబు వినకుండానే డబుల్ కా మీఠా వైపు నడిచాడు.

అన్నట్టు, స్టేజీ మీద పెండ్లికొడుకు రెండు బుగ్గలూ గుంటలే. ఫొటోగ్రాఫర్ అన్ని లైట్లు వేసినా ఒక్క నిపుణుడూ అటు చూడలేదు. మగపిల్లగానికైతే అది గంభీరమట.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. శనగపిండి పూసుకుంటే ఎవరి కొంపా మునగదు. కానీ పోతూ పోతూ పెద్దమ్మ ఒక మాటంది: "మందుల షాపుల ట్యూబడుగు, వారంల తెల్లగైతవ్. సంబంధాలు జూస్తున్నరు గదా."

ఆ ట్యూబులో ఏముంటుందో ఆమెకు తెలియదు. అమ్మేవాడికి బాగా తెలుసు. మొమెటాసోన్ లాంటి బలమైన స్టెరాయిడ్, రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, పై చర్మం త్వరగా రాలేలా చేసే ట్రెటినోయిన్. మంగు మచ్చలకు డాక్టర్ కొద్ది వారాలు రాసిచ్చే మందు అది. మొదట మొఖం మెరుస్తుంది, మోసమంతా అక్కడే. నెలలు గడిస్తే చర్మం పలచనవుతుంది, ఎర్రబడుతుంది, సన్నని రక్తనాళాలు తేలతాయి, వెంట్రుకలు మొలుస్తాయి, మొటిమలు మళ్లీ వస్తాయి. ఆపితే మంట, అందుకని వాడిన పిల్ల మళ్లీ రాస్తుంది. స్టెరాయిడ్‌తో పాడైన మొఖం అని మన దేశపు చర్మ వైద్యులు దీన్ని ఒక జబ్బుగానే లెక్కపెట్టారు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో చేర్చింది. అయినా అమ్ముతున్నారు. తగ్గిపోయే మచ్చ కోసం బాగున్న చర్మాన్ని కాల్చే మందును బిస్కెట్ ప్యాకెట్‌లా అమ్ముతున్నారు, సిగ్గు లేకుండా! పెండ్లిచూపులని తల్లే దగ్గరుండి కొనిపెడుతోంది.

వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానలో చర్మవ్యాధుల ఓపీ ఉంది. చూపిస్తే అడాపలీనో, అజెలాయిక్ యాసిడో పూత మందు రాస్తారు, పగలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాసుకోమంటారు, గిల్లొద్దంటారు, ఓపిక పట్టమంటారు. ఫంక్షన్ హాల్ నిపుణులకు ఈ చివరిదే నచ్చదు.

ఈసారి షాపులో ఎవరైనా ఆ ట్యూబు చేతిలో పెడితే వెనక అచ్చేసిన పేర్లు చదవండి. స్టెరాయిడ్ కనబడితే బిల్లు రాయమనండి. చీటీ రాసిన డాక్టర్ పేరు కూడా రాయాలి కదా. ఎవరి పేరు రాస్తాడో నాకూ చూడాలనుంది.