పెదాలు కదిపితే చాలు

కూకట్‌పల్లిలో మా అబ్బాయి చదివే బడి యాన్యువల్ డేలో ఈసారి 40 మంది పిల్లలు బృందగానం చేశారు. ఒక్కరి గొంతూ వినిపించలేదు. ఇంత క్రమశిక్షణ నేనెక్కడా చూడలేదు.

పాట స్పీకర్‌లోంచి వచ్చింది, పిల్లలు పెదాలు కదిపారు. రెండో చరణంలో కరెంటు పోయింది. స్పీకర్ ఆగింది గానీ పెదాలు ఆగలేదు. జనరేటర్ అందుకునేదాకా 40 నోళ్లూ తాళం తప్పకుండా తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉన్నాయి. నా పక్క కుర్చీలో పెద్దాయన "అక్వేరియంలా ఉంది" అన్నారు. సంగీత జ్ఞానం లేని మనిషి.

నిజంగా పాడించడమంటే ఎంత తలనొప్పో ఆయనకేం తెలుసు? ముందు పిల్లలకు సరిపోయే శ్రుతి వెతకాలి. సినిమా పాట పెద్దవాళ్ల గొంతుకు కట్టింది. మగ గాయకుడి శ్రుతిలో పదేళ్ల పిల్లాడు పాడితే కింది స్వరాల దగ్గర మాట మింగేస్తాడు, లేదంటే పైస్థాయి ఎక్కి అరుస్తాడు. ఎనిమిదో తరగతికొచ్చేసరికి మగపిల్లల గొంతు మారుతుంటుంది, వాళ్ల సంగతి విడిగా చూడాలి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పాలి. వీటన్నిటికంటే కష్టం, పక్కవాడి గొంతు వింటూ మన గొంతు తగ్గించుకోవడం. పక్కవాణ్ని ర్యాంకులో దాటమని పొద్దున్నుంచి నూరిపోసి, సాయంత్రం వాడి గొంతులో గొంతు కలపమంటే పిల్లలు టెన్షన్ పడరూ?

టైమ్‌టేబుల్‌లో మాత్రం సంగీతం ఉంది. శుక్రవారం ఆఖరి పీరియడ్, లెక్కల సార్ తీసుకుంటారు. కళలకీ చదువుకీ మధ్య గోడలు ఉండకూడదని 2020 జాతీయ విద్యా విధానంలో రాశారు కదా. మా బడిలో ఆ గోడ నిజంగానే కొట్టేశారు. మ్యూజిక్ రూమ్ ఇప్పుడు కెమిస్ట్రీ ల్యాబ్‌లో సగం.

మధ్యలో ఒకావిడ ఉద్యోగానికి వచ్చారట. రాంకోఠి ప్రభుత్వ సంగీత కళాశాలలో ఏళ్ల తరబడి నేర్చుకున్న మనిషి. కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన సరళీ వరుసలతో మొదలుపెట్టి మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, పాడిస్తానన్నారు. "మా దగ్గర ఒక్క కాలానికే టైమ్ లేదమ్మా, సంక్రాంతి సెలవుల్లోపు రెండు ఐటమ్స్ కావాలి" అన్నారట ప్రిన్సిపాల్ గారు. ఆవిడ జీతంతో రెండు పెద్ద స్పీకర్లు వచ్చాయి. అవి సెలవు కూడా అడగవు.

1919లో మదనపల్లె కాలేజీలో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమన పాడితే, అక్కడి ప్రిన్సిపాల్ భార్య, సంగీతం తెలిసిన మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరాలు రాసిపెట్టారు. అక్కడి విద్యార్థులు కూడా గొంతు కలిపారని చెబుతారు. పాపం, బ్లూటూత్ లేని రోజులు. మా ప్రేయర్‌లో ఆ 52 సెకన్ల పనీ మైకే చూసుకుంటుంది.

అలాగని మన బళ్లలో బృందగానం చచ్చిపోయిందనకండి. సాయంత్రం స్టడీ అవర్‌లో మా బడి మెట్ల దగ్గర నిలబడి వినండి. అరవై మంది ఒకే శ్రుతిలో "సైన్ స్క్వేర్ తీటా ప్లస్ కాస్ స్క్వేర్ తీటా" అంటుంటారు, ఎవరూ నేర్పకుండానే. మేమూ ఎక్కాలు ఇలాగే పాడాం. "ఏడేళ్ల నలభైతొమ్మిది" దగ్గర క్లాసంతా ఒక్కసారి గొంతు దించేది. నాకు పదమూడో ఎక్కంలో అంకెలు పోయాయి గానీ రాగం ఇంకా ఉంది.

మొన్న ఆదివారం మా నాన్నగారు మనవణ్ని పిలిచి "ఏదీ, ఆ పాట ఓసారి పాడరా" అన్నారు. వాడు బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెదాలు కదిపాడు. ఆయన చెవి మిషన్ సరిచేసుకున్నారు. తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"తాతయ్యా, ట్రాక్ పెట్టరా?" అన్నాడు వాడు.