శ్రీ కాపీ, శ్రీమతి పేస్టు గార్లకు

మహారాజశ్రీ కాపీ గారికి, శ్రీమతి పేస్టు గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అనాలనే ఉంది గానీ, ఇక్కడ కుశలం అంతంతమాత్రం.

1970లలో కంప్యూటర్ శాస్త్రవేత్త లారీ టెస్లర్ గారు మీ ఇద్దరికీ ముడిపెట్టింది రాసినదాన్ని హాయిగా దిద్దుకోవడానికి. అదీ జెరాక్స్ వాళ్ల ల్యాబులో! ముహూర్తబలం అంటే అదే కాబోలు.

మా హోల్‌సేల్ బిల్లింగ్ ప్రోగ్రాంలో పన్ను లెక్క నాలుగు లైన్లు. అమ్మకం కోసం రాశాను. కొటేషన్‌కి కావాల్సొస్తే మిమ్మల్ని పిలిచాను. డెలివరీకి, రిటర్న్‌కి, పాత బిల్లు మళ్లీ ప్రింట్ తీయడానికి కూడా మీరే. పిలవడమే ఆలస్యం, విస్తరి ముందు కూర్చున్నట్టే వచ్చేవారు. అలా తొమ్మిది చోట్ల. ఒకచోట పైసలు రౌండ్ చేశాను, ఇంకోచోట మర్చిపోయాను. పైన "తాత్కాలికం" అని కామెంటు. దానికి మూడేళ్లు నిండాయి, అక్షరాభ్యాసం చేయించాలి.

2025 సెప్టెంబరు 22న నెయ్యి మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. ముందు రాత్రి కూర్చుని ఎనిమిది చోట్ల 12 తీసి 5 పెట్టాను. తొమ్మిదోది రిటర్న్‌లో నక్కింది. అక్కడ కేంద్రానికి 6, రాష్ట్రానికి 6 అని విడివిడిగా రాసుకున్నాను. 12 అని వెతికితే ఎలా దొరుకుతుంది?

ఒక హోటలాయన పన్ను కాక 500 రూపాయల నెయ్యి డబ్బాని 525కి కొన్నారు. మూత తియ్యకుండానే వాపసు తెస్తే మా కౌంటర్ ఆయన చేతిలో 560 పెట్టింది. మర్నాడు ఆయన పది డబ్బాలు కొన్నారు.

ఆ రాత్రే నాలుగు లైన్లనీ ఒక ఫంక్షన్‌లో, అంటే పేరు పెట్టిన ఒక కోడ్ ముక్కలో, పెట్టి, తొమ్మిది చోట్లా దాన్ని పేరుతో పిలిచాను. రేటు ఒక్కచోటే ఉంటుంది, కోడ్ చదివితే అర్థమవుతుంది. నేనేదో కనిపెట్టేశానని కాదు. కేంబ్రిడ్జిలో ఎడ్‌శాక్ అనే తొలితరం కంప్యూటర్ మీద సబ్‌రొటీన్లు, అంటే ఒకసారి రాసి కావాల్సినచోటల్లా వాడుకునే ఇలాంటి ముక్కలు, 1950 నాటికే ఉన్నాయి, మీ పెళ్లికి చాలా ముందు.

మా కుర్రాడికి ఇది నచ్చింది, మరీ నచ్చింది. రెండంకెలు కూడటానికీ ఒక ఫంక్షన్ రాశాడు. చూడ్డానికి ఒకేలా ఉన్నాయని రవాణా ఛార్జీ లెక్కనీ నెయ్యి పన్నులో కలిపి, ఏ లెక్క కావాలో చెప్పే స్విచ్చుల్లా ఆరు ట్రూ-ఫాల్స్‌లు తగిలించాడు. ఇప్పుడు ఏది ట్రూ అంటే ఏమవుతుందో వాడికీ తెలీదు.

రేపు పదింటికి డెమో. దాన్ని విడదీయాలి, టైం లేదు. ఈ ఒక్కసారికి దంపతులిద్దరూ దయచేయవలెను.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు