"సహజమే" అన్న మాట చాటున దాగే జబ్బు

వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే మనిషి నవ్వడం మానేస్తే చుట్టూ ఉన్నవాళ్లు ఆశ్చర్యపోరు. "అంత జబ్బుతో దిగులు లేకుండా ఎలా ఉంటుంది, సహజమే" అంటారు. తరచూ డాక్టరూ అదే అంటారు. ఓదార్పులా వినిపించే ఈ మాటే చికిత్సకు అడ్డుపడుతోందని నా అభిప్రాయం. కింద పడితే ఎముక విరగడమూ సహజమే. కట్టు కట్టకుండా వదిలేయం కదా!

మధుమేహం ఉన్నవారిలో డిప్రెషన్ మిగతావారికన్నా సుమారు రెండింతలు కనిపిస్తుంది. గుండెపోటు వచ్చినవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరిని పట్టుకుంటుంది. అయినా బయటపడదు. నీరసం, నిద్రలేమి, ఆకలి మందగించడం రెండు జబ్బులకూ ఉమ్మడి లక్షణాలు కావడమే అందుకు కారణం. ఈ చిక్కు తెలిసే 1983లో జిగ్మండ్, స్నెయిత్ అనే వైద్యులు 14 ప్రశ్నల కొలమానం ఒకటి రూపొందించారు. అందులో ఒంటి బాధల జోలికి పెద్దగా పోకుండా, ఒకప్పుడు ఇష్టపడ్డవి ఇప్పటికీ ఆనందం ఇస్తున్నాయా అని అడుగుతారు. ఇంట్లోవాళ్లు గమనించాల్సిందీ అదే. ఓపిక లేక మనవడిని ఎత్తుకోలేకపోవడం వేరు. వాడు గదిలోకి వచ్చినా తల తిప్పి చూడాలనిపించకపోవడం వేరు.

ఆందోళన తీరు ఇంకొకటి. ఊపిరితిత్తుల జబ్బులో ఆయాసం భయాన్ని తెస్తుంది, ఆ భయం ఆయాసాన్ని పెంచుతుంది. క్యాన్సర్ తగ్గినవారికీ స్కాన్ తేదీ దగ్గరపడితే నిద్ర పట్టదు. అలాంటప్పుడు "ధైర్యంగా ఉండు" అంటే, మన కోసం ధైర్యం నటించే పని కూడా రోగికి అప్పగించినట్టే.

కొన్నిసార్లు దిగులుకు మూలం మందుల్లోనే ఉంటుంది. స్టెరాయిడ్లు మనసును అతలాకుతలం చేయగలవు; థైరాయిడ్ లోపమూ అంతే. ముందు వాటిని పరిశీలించాలి.

డిప్రెషన్ ఉన్నవారు చికిత్సను సరిగా పాటించకపోయే అవకాశం సుమారు మూడింతలు ఎక్కువ. అంటే మనసును వదిలేస్తే షుగరు మాత్రా పని చేయదు. 2010లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో మధుమేహం లేదా గుండెజబ్బుతోపాటు డిప్రెషన్ కూడా ఉన్న 214 మందిని తీసుకున్నారు. వారిలో ఒక బృందానికి నర్సులు డాక్టర్లతో కలిసి రెండు జబ్బులనూ ఒకేసారి చూశారు. ఏడాదికి ఆ బృందంలో దిగులుతోపాటు షుగరు, రక్తపోటు, చెడు కొలెస్ట్రాల్ కూడా మెరుగ్గా అదుపులోకి వచ్చాయి.

రెండు వారాలుగా దేనిమీదా ఆసక్తి లేకపోతే ఆ సంగతి కాగితం మీద రాసుకుని వెళ్లి డాక్టరుకు ఇవ్వండి. ఆ కొద్ది నిమిషాల్లో నోటితో చెప్పడం కష్టం. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు, ఆరోజే సాయం అడగాలి. డిప్రెషన్ మందు పని మొదలుపెట్టడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. చాలామంది ఆలోపే ఆపేస్తారు.