ఇల్లరికం వచ్చిన లాన్ అల్లుడుగారికి

హనుమకొండ,
ఏప్రిల్ నెలాఖరు, మిట్టమధ్యాహ్నం.

మహారాజశ్రీ అల్లుడుగారికి,

తమరిని చాపలా చుట్టి లారీలో దించినప్పుడు ఇంటిముందు 120 గజాలు రాసిచ్చారు గానీ, తమరి దాహం సంగతి ఎవరూ అడగలేదు. లెక్క చిన్నదే. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలిస్తే ఒక లీటరు. ఈ ఎండల్లో తమరికి రోజుకు సుమారు 6 మిల్లీమీటర్లు కావాలి. 120 గజాలంటే 100 చదరపు మీటర్లు, అంటే పొద్దుకు 600 లీటర్లు. ముప్పై క్యాన్లు! కాన్పుకొచ్చిన బిడ్డకు కూడా ఇంత మర్యాద జరగదు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు తవ్వించి వాన నీళ్లను దాచుకున్న గడ్డ ఇది. తమరేమో ఒక మేక కడుపైనా నింపరు.

గోడవారన తంగేడు తనంతట తాను మొలిస్తే పిచ్చిమొక్కని పీకేస్తారు. బతుకమ్మకు అవే పూలు బేరమాడి కొనుక్కొస్తారు.

అందుకే సాగనంపే ఏర్పాట్లు. నీళ్లు బందు పెడితే తమరు చచ్చినట్టు పడుకుని తొలివానకు లేస్తారు, గరిక బుద్ధి తెలియందా? జానెడు లోతు తవ్వి తెల్లటి వేరుకాడలు చేత్తోనే ఏరాలి. తొందరపడి రోటావేటర్ పెట్టిస్తే ముక్కకో తమ్ముడు పుడతాడు. తర్వాత నేల తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పి, అంచులు మట్టితో మూసి, మిగిలిన వేర్లు వేడికి మాడేలా ఆరు వారాలు ఎండబెడతారు.

మృగశిర దాటి రెండు మంచి వానలు పడ్డాక నందివర్ధనం, కాగితం పూలు, కలబంద. తంగేడు గింజ పెంకు గట్టిది, ఇసుకలో రుద్ది, రాత్రంతా నానబెట్టి నేరుగా విత్తాలి. పీకి నాటితే తల్లివేరు తెగుతుంది. ఇరవై మొక్కలకు 16 మిల్లీమీటర్ల పైపు, మొక్కకు గంటకు 4 లీటర్లిచ్చే డ్రిప్పర్లు రెండు. వానల్లేనప్పుడు నాలుగు రోజులకోసారి గంటసేపు వదిలితే 160 లీటర్లు, అంటే రోజుకు 40. బోరునీళ్ల తెల్లసున్నం డ్రిప్పర్లను మూసేస్తుంది కాబట్టి పక్షానికోసారి పైపు చివరి మూత తీసి నీళ్లు వదలాలి. మొదళ్ల చుట్టూ పల్లిపొట్టో ఎండుటాకో మూడు వేళ్ల మందం, కాండానికి మాత్రం తగలొద్దు, కుళ్లుతుంది. కింద ప్లాస్టిక్ షీటు, పైన గ్రానైట్ ముక్కలు పరుద్దామనే మహానుభావులుంటారు. వాన నీళ్లు రోడ్డు పాలు, మొక్క పెనం మీద రొట్టె.

వెళ్తూ వెళ్తూ ఆ గడ్డి కోసే మిషన్‌ను కూడా వెంట తీసుకెళ్లండి. తంగేడు కనపడితే దానికి చెయ్యి ఊరుకోదు.

ఇట్లు,
మామగారింటి బోరు మోటరు